3 కిలోల బ్రాకెట్టుకి కూడా కాగితం కావాల్సిందే

నేవల్ ఆర్కిటెక్ట్‌నని చెప్పగానే చాలామంది "అయితే సబ్‌మెరైన్ ఆకారం గీసేది మీరేనన్నమాట" అంటారు. గీసేవాళ్ళు లేకపోలేదు గానీ వాళ్ళు కొద్దిమంది. పైగా ఒక జలాంతర్గామి జీవితంలో అది ఒక్కసారి జరిగే పని. మిగతావాళ్ళం పద్దులు రాస్తాం. ఏ వస్తువు బరువెంత, ముందు కొస నుంచి ఎంత దూరంలో ఉంది, అడుగు నుంచి ఎంత ఎత్తులో ఉంది, మధ్య గీతకి ఏ పక్కన ఉంది. ఇలాంటి వరుసలు వేలల్లో ఉంటాయి. ఆ సబ్‌మెరైన్ తుక్కుకి వెళ్ళేదాకా ఆ పద్దు నడుస్తూనే ఉంటుంది.

ఈ మాట చెప్పగానే వినేవాళ్ళ ఉత్సాహం సగానికి పడిపోతుంది. మా రంగంలోకి కొత్తగా వచ్చే పిల్లల సంగతీ అంతే. అందరికీ డిజైన్ ఆఫీసే కావాలి. ప్రొపెల్లర్ శబ్దం తగ్గించడం, పొట్టు (సబ్‌మెరైన్ ఉక్కు గుల్ల) ఆకారం సానబెట్టడం లాంటి పనులు కావాలి. రిపేర్ యార్డులో వేస్తే శిక్ష పడినట్టు మొహం పెడతారు. వాళ్ళననుకుని లాభం లేదు, పై వాళ్ళూ అలాగే చూస్తారు. చురుకైనవాళ్ళు కొత్త డిజైన్‌కి, మిగిలినవాళ్ళు రిపేరుకి. ఈ పద్ధతి తలకిందులుగా ఉందని నా వాదన. అన్నిటికన్నా అనుభవం ఉన్న నేవల్ ఆర్కిటెక్ట్ ఉండాల్సింది డ్రై డాక్ పక్కన, అంటే నీళ్ళు తోడేసి సబ్‌మెరైన్‌ని రిపేరుకి నిలబెట్టే చోట.

ఎందుకో చెప్పాలంటే నీళ్ళ దగ్గర మొదలుపెట్టాలి.

మామూలు ఓడ మీద 50 టన్నులు ఎక్కువ వేస్తే కొన్ని సెంటీమీటర్లు లోతుకి దిగి సర్దుకుంటుంది. లెక్క రాసినవాడి పొరపాటుని సముద్రమే భరిస్తుంది. పూర్తిగా మునిగిన సబ్‌మెరైన్‌కి ఆ వెసులుబాటు లేదు. ఇంకాస్త మునిగి సర్దుకోవడానికి పైన పొట్టు మిగల్లేదు. అది పక్కకి నెట్టే నీటి బరువు ఎంతో, దాని బరువు సరిగ్గా అంతే ఉండాలి. ఒక్క టన్ను ఎక్కువైనా దిగుతూనే ఉంటుంది. దిగేకొద్దీ పీడనానికి పొట్టు కొంచెం కుంచించుకుపోయి, తేలే శక్తి ఇంకా తగ్గుతుంది. అంటే లోతుకి పోయేకొద్దీ తప్పు దానంతటదే పెరుగుతుంది.

సముద్రం కూడా ఒకేలా ఉండదు. 2,000 టన్నుల సబ్‌మెరైన్ ఘనపు మీటరుకి 1,025 కిలోలు తూగే నీళ్ళలోంచి 1,020 కిలోలు తూగే నీళ్ళలోకి వెళ్ళిందనుకోండి. నది కలిసే చోట్ల, వానలు బాగా కురిసిన చోట్ల ఇది మామూలే. అంతే, ఉన్నట్టుండి దాదాపు 10 టన్నులు బరువెక్కినట్టు లెక్క. దీనికితోడు తిండి అయిపోతుంది, టార్పెడోలు వెళ్ళిపోతాయి, డీజిల్ ఖర్చయ్యేకొద్దీ దాని స్థానంలోకి అంతకన్నా బరువైన ఉప్పునీళ్ళు వస్తాయి. వీటన్నిటినీ సర్దడానికే ముందు వెనకల వాలు (ట్రిమ్) సరిచేసే ట్రిమ్ ట్యాంకులు, మొత్తం బరువు సరిచేసే కాంపెన్సేటింగ్ ట్యాంకులు ఉంటాయి. ఆ ట్యాంకులు ఎంతవరకు సర్దగలవో గ్రాఫు మీద గీస్తే ఒక బహుభుజి వస్తుంది. మేము పాలిగాన్ అంటాం. సబ్‌మెరైన్ ఎదుర్కొనే ప్రతి పరిస్థితీ ఆ గీతల లోపల పడాలి. ఒక్క బిందువు బయటపడినా ఆ పరిస్థితిలో ఎంత గొప్ప కెప్టెన్ అయినా చేసేదేం లేదు.

బరువు ఎంతన్నది సగం సంగతే. ఎక్కడన్నది మిగతా సగం. నీళ్ళ కింద సబ్‌మెరైన్ నిలకడ అంతా ఒక్క దూరం మీద ఆధారపడుతుంది. తేలే శక్తి కేంద్రం పైన, గరిమనాభి (బరువు కేంద్రం) కింద, ఆ రెంటి మధ్య ఎడం. ఇది మీటర్లలో ఉండదు, సెంటీమీటర్లలో ఉంటుంది. పావు మీటరు అనుకుందాం. 2,000 టన్నుల సబ్‌మెరైన్‌లో ముందు భాగంలో, కేంద్రానికి 25 మీటర్ల దూరంలో ఉన్న 2 టన్నుల యంత్రాన్ని తీసేసి ఎవరికీ చెప్పలేదనుకోండి. 2 ఇంటూ 25, 50 టన్ను-మీటర్లు. దాన్ని 2,000 ఇంటూ 0.25తో, అంటే 500తో భాగిస్తే 0.1. మొత్తం బరువుని ట్యాంకుల్లో సరిచేసుకున్నా, ఈ వాలుని పట్టించుకోకపోతే ముందు భాగం దాదాపు 6 డిగ్రీలు పైకి లేస్తుంది. నీటి మీద తేలే ఓడకి పొడవు దిశలో నిలకడ ఎంతో ఎక్కువ కాబట్టి ఇదే 50 టన్ను-మీటర్లు దానికి లెక్కలోకి రావు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ యూ-బోట్లు గబుక్కున మునగాలంటే ఖాళీగా ఉన్న నావికులందరినీ ముందు గదికి పరిగెత్తమనేవాళ్ళు. మనిషి బరువుతో ముక్కు వంచడం! లెక్క వేసి చూడండి, ఒక ఇరవై మంది 30 మీటర్లు పరిగెత్తితే ఇందాకటి 50 టన్ను-మీటర్లకి దగ్గరగానే వస్తుంది.

కాబట్టి కట్టేటప్పుడు బరువు పద్దు తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఊహలు అక్కర్లేదు, స్పెయిన్ కట్టిన ఎస్-80 రకం సబ్‌మెరైన్ ఉంది. 2013లో బయటపడిన విషయం ఏమిటంటే మొదటి సబ్‌మెరైన్ 75 నుంచి 100 టన్నుల దాకా అధిక బరువు ఉంది. మునిగితే తేలడం అనుమానం. అమెరికా సంస్థ ఎలక్ట్రిక్ బోట్ సాయం తీసుకుని పొట్టుని 71 మీటర్ల నుంచి 81 మీటర్లకి పొడిగించారు. 7 మీటర్ల పైచిలుకు వ్యాసం ఉన్న పొట్టు 10 మీటర్లు పెరిగితే 400 టన్నుల పైగా నీళ్ళని అదనంగా నెడుతుంది. ఆ 10 మీటర్ల ముక్క, అందులో పెట్టేవి కలిపి అంతకన్నా తక్కువ తూగితే అప్పు తీరుతుంది. తీరింది. కానీ ఐజాక్ పెరాల్ అనే ఆ మొదటి సబ్‌మెరైన్ నౌకాదళం చేతికొచ్చింది 2023 నవంబరులో.

దశాంశ బిందువు తప్పుచోట పడిందని అప్పట్లో పత్రికలు రాశాయి. చదవడానికి బాగుంది గానీ నాకు ఆ కథ మీద పెద్ద నమ్మకం లేదు. బరువు ఒక్క చుక్కతో పెరగదు. ప్లేటు మందం మిల్లు నుంచి వచ్చేటప్పుడే ఒకటి రెండు శాతం అటూ ఇటూ ఉంటుంది. వెల్డరు డ్రాయింగులో ఉన్నదానికన్నా కాస్త లావుగా వెల్డు పోస్తాడు. పైపు ఇక్కడ అడ్డం వచ్చిందని ఇంకో మోచేయి పెడతారు. పంపు సరఫరా చేసినవాళ్ళు కేటలాగులో రాసిన బరువులో పునాది ఫ్రేమూ, లోపల నిలిచే నూనే కలిసి ఉండవు. ఎవరూ అబద్ధం చెప్పరు, ఎవరూ మొత్తం చెప్పరు. అందుకే బుద్ధిమంతులు మొదట్లోనే కొంత సీసం లెక్కలో పెట్టుకుంటారు. నిలకడ కోసం అడుగున వేసేది కొంత, ముందుముందు పెరిగే బరువుకి నిల్వగా ఉంచేది కొంత. కొత్త పరికరం ఎక్కినప్పుడల్లా ఆ నిల్వలోంచి సీసం తీస్తారు. తియ్యడానికి సీసం లేని రోజు వస్తే ఆ సబ్‌మెరైన్‌కి ఇంక ఏ ఆధునికీకరణా లేదు.

బరువు తర్వాత గుండ్రదనం. 300 మీటర్ల లోతులో చదరపు మీటరుకి సుమారు 300 టన్నుల ఒత్తిడి. మనిషి దూరే 70 సెంటీమీటర్ల హ్యాచ్ మూత మీదే 115 టన్నులు. గుండ్రంగా ఉన్నంతవరకు ఉక్కు ఈ బరువుని చుట్టూ పంచుకుంటుంది. గుండ్రదనం చెడితే అక్కడ వంగడం మొదలవుతుంది. లెక్కల్లో సాధారణంగా వ్యాసార్థంలో అర శాతం వంకర ఉంటుందనుకుని బలం కడతారు. 6 మీటర్ల వ్యాసం ఉన్న పొట్టుకి అది 15 మిల్లీమీటర్లు. అంటే అరచేతి వెడల్పు కూడా లేదు, వేలి మందం.

ఉక్కు కూడా మామూలుది కాదు. హెచ్‌వై-80 లాంటి రకాల్ని వెల్డు చేసేముందు 100 డిగ్రీల పైన వేడి చేసి ఉంచాలి. తేమ తగలనివ్వకూడదు. హైడ్రోజన్ లోపల చిక్కుకుంటే పగులు వెంటనే రాదు, గంటలు గడిచాక వస్తుంది. అందుకే వెల్డు చల్లారగానే తనిఖీ చేసి మురిసిపోకుండా ఆగి మళ్ళీ చూస్తారు. 1991లో అమెరికా సీవుల్ఫ్ అనే సబ్‌మెరైన్ కడుతుండగా వెల్డుల్లో పగుళ్ళు బయటపడి, చేసిన పని మళ్ళీ చెయ్యాల్సి వచ్చింది. ఇదంతా కొత్త నిర్మాణంలో, కప్పు కింద, అన్ని సదుపాయాలూ ఉన్న చోట.

ఇక రిపేర్ యార్డుకి రండి.

పొట్టులో ఉన్న డీజిల్ ఇంజను మార్చాలి. హ్యాచ్‌లోంచి రాదు. పొట్టు కొయ్యాలి. కోసిన ముక్కని జాగ్రత్త చేసి, పని అయ్యాక అదే చోట పెట్టి వెల్డు చెయ్యాలి. చెప్పడానికి ఇంతే. కానీ ఏళ్ళ తరబడి నొక్కుళ్ళు తిన్న ఉక్కులో మిగిలిపోయిన ఒత్తిళ్ళు ఉంటాయి. కత్తిరింపు పూర్తయిన క్షణాన ప్లేటు కాస్త కదులుతుంది, రంధ్రం అంచులు కాస్త విచ్చుకుంటాయి. మళ్ళీ పెట్టేసరికి ఒక పక్క సందు ఎక్కువ, ఇంకో పక్క తక్కువ. వెల్డు చల్లారేటప్పుడు లోపలికి లాగుతుంది కాబట్టి ఏ క్రమంలో పొయ్యాలి, లోపలా బయటా ఎప్పుడెప్పుడు మారాలి అన్నది ముందే రాసి పెట్టుకుంటాం. ప్రతి దశ తర్వాతా చుట్టూ కొలుస్తాం.

ఒక రిఫిట్‌లో (సబ్‌మెరైన్‌ని విప్పి బాగుచేసే పెద్ద విడతలో) ఇలాంటి ప్లేటు మూశాక ఒక ఫ్రేము (పొట్టుని పట్టి ఉంచే ఉక్కు కడియం) దగ్గర 11 మిల్లీమీటర్ల వంకర వచ్చింది. ఆ చోట అనుమతి 9. కాగితం ప్రకారం ఫెయిలు. అప్పుడే డ్యూటీలో ఉన్న కుర్ర ఇంజనీరు చెయ్యాల్సిందే చేశాడు, "కోసి మళ్ళీ వెల్డు చెయ్యాలి" అని రాశాడు. అతన్ని తప్పుపట్టలేం, అతని చేతిలో ఉన్నది ఆ పట్టికే. కానీ మళ్ళీ కోస్తే అదే ఉక్కు మరోసారి కాలుతుంది. ఆ అంచుల దగ్గర గట్టితనం ఎలా మారుతుందో, కొత్తగా ఏ పగులు వస్తుందో అన్న భయం వేరే. ఒక సీనియరు చుట్టూ తీసిన కొలతలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. 11 అన్న అంకెని వదిలేసి ఆకారం చూశాడు. ఆ వంకర చాలావరకు కోడిగుడ్డు తరహాలో, రెండు వైపులా ఉబ్బి రెండు వైపులా నొక్కుకున్నట్టు ఉంది. ఆ పొట్టు కూలేటట్టయితే మూడు ఉబ్బులతో కూలుతుంది. కూలే ఆకారానికీ ఉన్న వంకరకీ పోలిక తక్కువ. అసలు కొలతలతో బలం మళ్ళీ కట్టి చూస్తే కావాల్సిన దానికన్నా ఎక్కువే వచ్చింది. ఆ లెక్కని ఇంకొకరు విడిగా చేసి సరిచూశాక, అలాగే ఉంచవచ్చని సంతకాలు పడ్డాయి.

నా వాదనకి ఆయువుపట్టు ఇక్కడుంది. రిపేర్‌లో నేవల్ ఆర్కిటెక్ట్ అంటే పని ఆపేవాడని పేరు. నిజమే, అనుభవం లేనివాణ్ణి అక్కడ పెడితే అతనికి చేతనయ్యేది వద్దనడమే. వద్దనడానికి పట్టిక చాలు. సరే అనడానికి మాత్రం పదార్థం తెలియాలి, ఆకారం తెలియాలి, ఆ సబ్‌మెరైన్ చరిత్ర తెలియాలి, తేడా వస్తే నిలబడే ధైర్యం ఉండాలి. షెడ్యూలు పోతోందని మొత్తుకునే మేనేజర్లే చురుకైనవాళ్ళని డిజైన్ ఆఫీసుకి పంపేసి, రాత్రి షిఫ్టులో వచ్చే ఇలాంటి ప్రశ్నలకి కొత్తవాళ్ళని కూర్చోబెడతారు. ఆలస్యం పుట్టేది అక్కడ.

ఇదే చేత్తో ఇంకో మాట. సరే అనడం తెలిసినవాడికే ఎక్కడ చస్తే సరే అనకూడదో కూడా తెలుస్తుంది. 

బ్రాకెట్టు సంగతికొద్దాం. కేబుళ్ళు పట్టుకునే చిన్న ఇనప బ్రాకెట్టు, 3 కిలోలు ఉంటుంది. పాతది తీసి కొత్త చోట పెట్టాలి. దాని బరువు, చోటు రాసే బరువు కార్డు ఏదని అడిగితే ఫోర్‌మన్ నవ్వాడు. "సార్, 3 కిలోలకి కూడా కాగితమా? మా వాళ్ళ టూల్ బాక్సే 10 కిలోలు ఉంటుంది." టూల్ బాక్సు సాయంత్రం బయటికి వచ్చేస్తుంది, బ్రాకెట్టు రాదు. ఇలాంటివి రిఫిట్‌లో వందలు. తీసేసిన పరికరాల తాలూకు పాత కేబుళ్ళు లాగడం కష్టమని లోపలే వదిలేస్తారు, రాగి తేలికేం కాదు. పెయింటు ఇంకా ఘోరం. లోపల 3,000 చదరపు మీటర్ల మేర పాత పొర గీకకుండా పైన 0.3 మిల్లీమీటర్ల మందం కొత్త పొర వేశారనుకోండి. సాంద్రత నీటికి ఒకటిన్నర రెట్లు వేసుకున్నా 1,350 కిలోలు. మూడు నాలుగు రిఫిట్లు ఇలా గడిస్తే పెయింటు రూపంలో ఒక లారీ లోడు లోపల తిరుగుతున్నట్టే. పొరలు పొరలుగా లేచిన ఒక పెచ్చుని అడ్డంగా కోసి చూస్తే ఎరుపు, బూడిద, తెలుపు, మళ్ళీ బూడిద. ఒక్కో రంగు ఒక్కో రిఫిట్. వాటిలో ఏ ఒక్కటీ బరువు పద్దులో లేదు.

సాఫ్ట్‌వేర్ ఉంది కదా అంటారు. ఉంది, బ్రహ్మాండంగా ఉంది. 3డీ మోడల్లో ఒక వాల్వు మీద నొక్కితే బరువు, చోటు అన్నీ చెబుతుంది. గీసింది చెబుతుంది. ఇరుకు మూలలో ప్లేటు పట్టక ఫిట్టరు అదనంగా అతికించిన స్టిఫెనర్ (బలం కోసం వేసే పట్టీ) దానికి తెలీదు. తెలియాలంటే ఎవరో ఒకరు మోకాళ్ళ మీద పాకి, టార్చి వేసి, టేపు పెట్టి కొలిచి రాయాలి. తూకం మీద పెట్టింది మాత్రమే బరువు, మిగతావన్నీ అంచనాలు. మోడల్ ఉంటే తూకం అక్కర్లేదనే వాళ్ళని చూస్తే నాకు టెన్షన్ పుడుతుంది.

ట్రిమ్ లెక్క తేడా వస్తే ఏం జరగగలదో థీటస్ చరిత్ర చెబుతుంది. 1939 జూన్ 1, లివర్‌పూల్ బే. బ్రిటిష్ కొత్త సబ్‌మెరైన్, మొదటి డైవింగ్ పరీక్ష. లోపల 103 మంది, అంటే మామూలు సిబ్బందికి దాదాపు రెట్టింపు. మిగతావాళ్ళలో చాలామంది యార్డు మనుషులు. ఎంతకీ మునగడం లేదు, తేలికగా ఉంది. ట్రిమ్ కాగితం ప్రకారం 5, 6 నంబర్ల టార్పెడో గొట్టాల్లో నీళ్ళుండాలి. ఉన్నాయా లేవా చూద్దామని వెళ్ళారు. గొట్టం వెనక తలుపుకి చిన్న పరీక్ష కుళాయి ఉంటుంది. లోపల నీళ్ళుంటే అందులోంచి కారాలి. 5వ గొట్టం కుళాయి లోంచి ఏమీ రాలేదు. తలుపు తెరిచారు. ఆ గొట్టం ముందు మూత సముద్రంలోకి తెరిచే ఉంది. కుళాయి రంధ్రంలో పెయింటు గడ్డకట్టి ఉంది, అందుకే నీళ్ళు రాలేదు. 99 మంది చనిపోయారు, నలుగురే బయటపడ్డారు. ఈ ప్రమాదం గురించి చెప్పేవాళ్ళంతా పెయింటు దగ్గర ఆగుతారు. నేను ఇంకో అడుగు వెనక్కి వెళ్తాను. ఆ తలుపు దాకా వాళ్ళని నడిపించింది కాగితం మీది లెక్కకీ నీళ్ళలో కనిపించినదానికీ మధ్య తేడా.

యార్డులో, ఒడ్డు పక్కన కట్టేసి ఉన్నా సబ్‌మెరైన్ మునగగలదు. 1969 మే, కాలిఫోర్నియాలోని మేర్ ఐలాండ్ షిప్‌యార్డు. గిటారో అనే అణు సబ్‌మెరైన్ ఇంకా నిర్మాణంలో ఉంది. ఒక బృందం వెనక ట్యాంకుల్లో పరికరాల సర్దుబాటు కోసం నీళ్ళు పోస్తోంది. ఇంకో బృందం ట్రిమ్ సరిచేయడానికి ముందు ట్యాంకుల్లో పోస్తోంది. ఒకరి సంగతి ఒకరికి తెలీదు. తెరిచి ఉన్న హ్యాచ్‌ల్లోంచి నీళ్ళు లోపలికి పోయి సబ్‌మెరైన్ అక్కడే అడుగుకి చేరింది. ప్రాణనష్టం లేకపోవడం అదృష్టం. తర్వాత దాన్ని తేల్చి, బాగుచేసి నౌకాదళంలో చేర్చారు గానీ మేర్ ఐలాండ్ బురద కుక్కపిల్ల అన్న వెక్కిరింపు పేరు మాత్రం అంటుకుపోయింది. నన్నడిగితే ఆ రోజు అక్కడ లేనిది పెద్ద సాంకేతిక పరిజ్ఞానం కాదు. ముందూ వెనకా రెండు ట్యాంకుల పద్దూ ఒకే మనిషి దగ్గర ఉంటే సరిపోయేది. ఇప్పటికీ ఏ యార్డుకి వెళ్ళినా నేను మొదట చూసేది హ్యాచ్‌లే. గాలి గొట్టాలు, వెల్డింగ్ కేబుళ్ళు, కరెంటు తీగలు గుత్తులుగా దిగి ఉంటాయి. నీళ్ళొస్తే మూత ఎలా వేస్తారు? చటుక్కున ఊడదీసే కనెక్షన్లు లేకపోతే ఆ హ్యాచ్ లేనట్టే.

థ్రెషర్ గురించి రాయకుండా ఈ వ్యాసం ముగించలేను. 1963 ఏప్రిల్ 10. యార్డులో నెలల తరబడి పనులు చేయించుకుని బయటికొచ్చిన అమెరికా అణు సబ్‌మెరైన్, లోతు పరీక్షకి దిగి పైకి రాలేదు. 129 మంది పోయారు. వాళ్ళలో 17 మంది సివిలియన్లు. యార్డు ఉద్యోగులు, కాంట్రాక్టర్ల మనుషులు. తాము చేసిన పని ఎలా ఉందో చూసుకోవడానికి వెళ్ళినవాళ్ళు. సముద్రపు నీళ్ళ పైపుల్లో వెండి మిశ్రమంతో అతికిన జాయింట్లు దాదాపు 3,000 ఉండేవి. అల్ట్రాసౌండ్‌తో 145 పరీక్షిస్తే 14 శాతం దాకా ప్రమాణానికి తక్కువగా తేలాయి. మిగతావి పరీక్షించాలంటే ఆలస్యం అవుతుంది. పరీక్షించలేదు. అలాంటి జాయింటు ఒకటి ఊడి ఉండవచ్చని విచారణ తేల్చింది. పైకి తేలడానికి బ్యాలస్ట్ ట్యాంకుల్లోకి గాలి కొట్టబోతే, గాలిలోని తేమ జల్లెడల దగ్గర మంచుగా మారి దారి మూసుకుపోయి ఉంటుందని, అదే తరగతి సబ్‌మెరైన్ టినోసా మీద తర్వాత చేసిన పరీక్షలో తెలిసింది.

ఆ ఏడాది డిసెంబరులోనే సబ్‌సేఫ్ అనే అమెరికా నౌకాదళ భద్రతా కార్యక్రమం మొదలైంది. దాని ఉద్దేశం రెండు మాటల్లో అయిపోతుంది. నీళ్ళు లోపలికి రాకూడదు, వస్తే పైకి రాగలగాలి. ఈ రెంటికీ సంబంధం ఉన్న ప్రతి జాయింటుకీ, ప్రతి వాల్వుకీ, ప్రతి బోల్టుకీ రుజువు కాగితం మీద ఉండాలి. ఫలానా ఉక్కు, ఫలానా వెల్డరు, ఫలానా పరీక్ష, ఫలానా ఫలితం. "బాగానే చేశాం సార్" అన్న మాట చెల్లదు. అప్పటి నుంచి సబ్‌సేఫ్ సర్టిఫికెట్ ఉన్న అమెరికా సబ్‌మెరైన్ ఒక్కటీ పోలేదు. 1968లో పోయిన స్కార్పియన్‌కి ఆ సర్టిఫికెట్ లేదు. కాగితాల గొడవ ఎక్కువైందని విసుక్కునే ప్రతివాడికీ నేను చెప్పే జవాబు ఈ రెండు వాక్యాలే.

రిపేర్ అంటే అతుకుల పని అనుకునేవాళ్ళకి ఒక కొత్త ఉదాహరణ. 2020 జూన్‌లో ఫ్రాన్స్‌లోని తూలోన్‌లో డాక్‌లో ఉన్న పెర్ల్ అనే అణు సబ్‌మెరైన్ ముందు భాగం తగలబడింది. గంటల తరబడి కాలిన ఉక్కుకి పాత బలం ఉండదు. కానీ వెనక సగం, రియాక్టరుతో సహా, బాగానే ఉంది. అదే తరగతికి చెందిన సఫీర్ అంతకు ముందు ఏడాదే రిటైరైంది. దాని ముందు సగం కోసి, పెర్ల్ వెనక సగానికి అతికారు. వేర్వేరుగా పుట్టి, వేర్వేరు రిపేర్లు చేయించుకున్న రెండు సగాలు. పైపులు, కేబుళ్ళు కలపడానికి చోటు కావాల్సి వచ్చి మధ్యలో ముక్క చేర్చారు. ఫలితం 1.4 మీటర్లు పొడుగు, 68 టన్నులు ఎక్కువ. ఈ 68 అన్న అంకె పత్రికల్లో ఒక వాక్యంలో పోతుంది. నాకు మాత్రం దాని వెనకున్న మనుషులే కనిపిస్తారు. రెండు పద్దులు పక్కపక్కన పెట్టుకుని, సఫీర్‌లో సీసం ఎక్కడుంది, పెర్ల్‌లో ఎక్కడుంది, అతికాక గరిమనాభి ఎక్కడ పడుతుంది, ఏ రిఫిట్‌లో ఏది మార్చి రాయకుండా వదిలేశారు అని తవ్వినవాళ్ళు. రెండు పొట్టుల గుండ్రదనం అతుకు దగ్గర మిల్లీమీటర్లలో కుదరాలి. కొత్త డిజైన్‌లో ఇంత కష్టమైన సమస్య దొరకదు. డిజైన్‌లో అన్ని అంకెలూ మన చేతిలోవే. ఇక్కడ అన్నీ ఎవరో ఎప్పుడో రాసినవి, లేదా రాయనివి.

ఇంతకీ నేను కోరేది పెద్దదేం కాదు. కొత్తగా చేరిన ప్రతి నేవల్ ఆర్కిటెక్ట్‌ని డిజైన్ ఆఫీసు గుమ్మం తొక్కనిచ్చేముందు ఒక పూర్తి రిఫిట్‌లో, పొట్టు కొయ్యడం నుంచి ట్రిమ్ డైవ్ (చివర్లో నీళ్ళలో ముంచి బరువు, వాలు సరిచూసే పరీక్ష) దాకా పనిచేయించాలి. అలాగే డిజైన్‌లో పేరు తెచ్చుకున్న సీనియర్లు విడతలవారీగా యార్డుకి రావాలి. అక్కడ గడిపిన కాలాన్ని ప్రమోషన్‌లో తక్కువ చేసి చూడకూడదు. ఇలా చేస్తే మంచి బుర్రలు రిపేర్‌లో చిక్కుకుపోయి కొత్త డిజైన్లు కుంటుపడతాయని ఒక పెద్దాయన నాతో వాదించారు. ఆ భయం ఉత్తిది కాదు, మనుషులు తక్కువే. కానీ చేయి పట్టని చోట వాల్వు పెట్టడం, తీయాలంటే ఇంకో ఐదు వస్తువులు విప్పాల్సిన పంపు పెట్టడం, ఇవన్నీ చేసింది రిపేర్ యార్డు మొహం చూడని డిజైనర్లే. చేసిన డిజైన్ విప్పేటప్పుడు పక్కన నిలబడితే తర్వాతి డిజైన్ మారుతుంది.

ఇంకొకటి, ఇది కొంచెం గట్టిగా చెప్తాను. రిఫిట్ చివర ట్రిమ్ డైవ్ చేసినప్పుడు ట్యాంకుల్లో నిజంగా పట్టిన నీళ్ళకీ పద్దు చెప్పిన నీళ్ళకీ తేడా వస్తుంది. ఎప్పుడూ వస్తుంది. ఆరు టన్నులనుకోండి. అప్పటికి అందరూ అలిసిపోయి ఉంటారు, అప్పగించే తేదీ ముంచుకొచ్చి ఉంటుంది. నాలుగు సీసం దిమ్మలు అటు జరిపి, మరో నాలుగు బయటికి తీసి, లెక్క కుదిరిందనిపించి సంతకం పెట్టేస్తారు. తేడా పోదు, తర్వాతి రిఫిట్ చేసేవాళ్ళ నెత్తిన పడుతుంది. ఆ ఆరు టన్నులు పెయింటువా, పాత కేబుళ్ళవా, తూచకుండా ఎక్కించిన యంత్రానివా, ఎవరో పొరపాటున నింపి వదిలేసిన ట్యాంకువా అన్నది తేలేదాకా, లేదా ఇంతవరకు వెతికాం, ఇంత దొరకలేదు అని పేరుతో సహా రాసేదాకా, ఆ రిఫిట్ పూర్తయిందని ఎవరూ అనకూడదు. సంతకం పెట్టనని చెప్పే అధికారం ఆ పద్దు రాసే మనిషికి ఉండాలి. ఇప్పుడు చాలాచోట్ల ఆ సంతకం ప్రాజెక్టు మేనేజరుది.